గుట్ట మీద గట్టిగా ఏడవొచ్చు

పోస్టు కొంచెం పొడుగైంది. తీరికున్నప్పుడే చదవండి గానీ చివరిదాకా చదవండి.

ఇంట్లో మనిషి పోయి, దినాలు కాంగనే హాస్టల్‌కు తిరిగొచ్చినోళ్లకు అందరూ చెప్పే మాట ఒకటుంది. "కొన్ని రోజులు అట్ల చెట్లల్ల, గుట్టల్ల తిరిగి రా, మనసు నిమ్మళమైతది" అని. సార్లు చెప్తరు, సోపతిగాళ్లు చెప్తరు, ఫోన్ల వీడియోలు కూడా అదే చెప్తయి. ఆ మాట అబద్ధం అని మేం అనం. ఖిల్లా ఘణపూర్ చుట్టుపక్కల తండాల్లో పుట్టి, ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చినోళ్లం మేం. గుట్ట అంటే ఏందో, చెరువు అంటే ఏందో మాకు ఒకరు చెప్పనక్కర లేదు. మా గదుల్లో తల్లి పోయినోళ్లున్నరు, తండ్రి పోయినోళ్లున్నరు, పెంచిన దాది పోయినోళ్లున్నరు. గుట్ట మాకు సాయం చేసింది. అందుకే చెప్తున్నం, ఆ మాటను అందరూ సగమే చెప్తున్నరు. చెట్టును ఊకె చూస్తే దుఃఖం తగ్గదు. ఆ చెట్టు దగ్గర గొంతెత్తి ఏడవగలిగితే, చేయడానికి ఒక పని ఉంటే, పక్కన ఒక మనిషి ఉంటే తగ్గుతది. వీటన్నిటికంటే ముందు ఆ జాగా మనకు మిగిలి ఉండాలె. ఈ మిగతా సగం గురించే ఈ పోస్టు.

ముందు హాస్టల్ సంగతి మాట్లాడుకుందాం. మనలో ఎక్కువ మంది ఉండే గదులు ఎట్లుంటయో అందరికీ తెలుసు. మంచానికి మంచానికి మధ్య ట్రంకు పెట్టె పట్టేంత సందు. రాత్రి ఏడుపొస్తే దుప్పటి ముసుగు పెట్టుకొని ఏడుస్తం. ఇంకా ఆగకపోతే బాత్రూంకు పోయి నల్లా తిప్పి, ఆ నీళ్ల సప్పుడులో ఏడుస్తం. పక్కోడికి తెల్లారితే పరీక్ష ఉంటది, వాడి నిద్ర చెడగొట్టొద్దు. కింద వార్డెన్ సార్‌కు వినబడొద్దు. పొద్దున స్టడీ అవర్‌లో కండ్లు ఎర్రగ ఉంటే "రాత్రంతా ఫోన్ చూసినవా" అంటరు. అవునంటే అయిపోతదని అవునంటం.

తండాలో ఇట్ల ఉండదు. మనిషి పోతే తండా మొత్తం వింటది. మన ఆడోళ్లు ఊరికే కన్నీళ్లు కార్చరు, మాటలు కలిపి ఏడుస్తరు. ఢావ్లో అంటే పెండ్లయిన పిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు రాగం తీసి ఏడ్చేదని మనందరికీ తెలుసు. చావు దగ్గర కూడా అట్లనే పోయినోళ్లను పిలిచి, వాళ్లతోని మాట్లాడుతూ ఏడుస్తరు. నాకు చెప్పకుండ ఎట్ల పోయినవు, నీ పిల్లలకు దిక్కెవరు, నువ్వు కట్టిన దడి అట్లనే ఉంది, నువ్వు పెంచిన మేక ఈనింది చూడు అని. చుట్టాలొచ్చిన ప్రతిసారీ మళ్లీ మొదలైతది. బయటోళ్లకు అది గోల లెక్క ఉంటది. కానీ అది లోపలున్నది బయటికి తెచ్చే పద్ధతి, తాతల కాలం నుంచి వచ్చింది. చదువుకున్నోళ్లమని మేం దాన్ని వదిలేసినం. వదిలేసి బాత్రూం నల్లా కాడికి వచ్చినం.

గుట్ట ఎందుకు పనికొచ్చిందో ఇప్పుడు అర్థమైతది. గుట్ట మీద గట్టిగా ఏడవొచ్చు. పేరు పెట్టి పిలవొచ్చు, తిట్టొచ్చు. వినేటోళ్లు ఎవరూ ఉండరు, ఉన్నా ఏమనరు. గాలి, పచ్చదనం, ప్రశాంతత అనే మాటలు తర్వాత. మొదటి సాయం ఇదే, ఏడ్వడానికి జాగా దొరికింది.

ఖిల్లా ఘణపూర్ తెలియనోళ్ల కోసం నాలుగు ముక్కలు. మాది ఇప్పుడు వనపర్తి జిల్లా. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలైనయి, అంతకుముందు మహబూబ్‌నగర్ కిందనే. ఊరి మీదికే నిలబడ్డట్టు గుట్టలుంటయి. రెండు గుట్టలను కలుపుకొని రాతి గోడలతో ఖిల్లా కట్టిన్రు. కాకతీయుల కింద ఈ సీమను ఏలిన గోన వంశంలోని గణపరెడ్డి 13వ శతాబ్దంలో కట్టించిండని చెప్తరు. గణపపురం అనేదే మెల్లమెల్లగ ఘణపూర్ అయ్యింది. కింద గణపసముద్రం చెరువు, అది కూడా ఆయన పేరు మీదనే ఉంది. మా తండాలోళ్లకు గుట్ట చూసే జాగా కాదు. మేకలు మేపే జాగా, సీతాఫలాలు తెంపే జాగా, కట్టెలు తెచ్చే జాగా. పాలమూరు గుట్టల సీతాఫలం సంగతి మీకు తెలుసు, బాలానగర్ పేరు మీద ఒక రకమే ఉంది. దసరా ముందర గంపలు నింపుకొని సడక్ పక్కన కూసుండి అమ్మిన తల్లులే మా తల్లులు.

అందుకే మాలో ఎవరన్న గుట్టెక్కితే ఒక బండ కాడ ఆగిపోతరు, ఒక చెట్టు కాడ ఆగిపోతరు. ఈ బండ మీద మా యాడి రొట్టె విప్పేది, ఈ చెట్టు కింద మా తాత మేకలను లెక్క పెట్టేటోడు అని చెప్తరు. పోయిన మనిషి ఫోటో మన ఇండ్లల్ల ఒకటో రెండో ఉంటయి, అవి కూడా ఆధార్ కోసమో రేషన్ కార్డు కోసమో తీసినవి. ఆ ఫోటోలో మనిషి బిగుసుకొని కూసుంటది. ఆ మనిషి నడిచిన తొవ్వ మాత్రం గుట్ట మీద ఉంది. ఊటీ పోయినా, అరకు పోయినా అక్కడి చెట్లు దీనికంటే బాగనే ఉంటయి, కానీ అక్కడ మన మనిషి నడిచిన తొవ్వ ఉండదు.

మన పండుగలు చూసినా ఇదే కనబడతది. తీజ్ తీసుకోండి. శ్రావణంలో పెండ్లి కాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి, ఎరువు పోసి గోధుమలు చల్లుతరు. తొమ్మిది రోజులు పొద్దూమాపు నీళ్లు మోసుకొచ్చి పోస్తరు. మొలకలు జానెడు పెరుగుతయి. తొమ్మిదో రోజు ఆ మొలకలను చెరువులో కలుపుతరు. కలిపేటప్పుడు పిల్లలు ఏడుస్తరు, నిజంగానే ఏడుస్తరు. చేతుల మీద పెంచినదాన్ని నీళ్లకు ఇచ్చి, ఏడ్చి, ఇంటికొచ్చి అన్నం తినడం మన ఆడపిల్లలు చిన్నప్పుడే నేర్చుకుంటరు. దీపావళికి పోయిన పెద్దల పేర్లు తలుచుకొని నిప్పుల మీద నెయ్యి, తీపి వేసి మొక్కుతం. ఆ పండుగకే ఆడపిల్లలు చేన్లకు, అడివికి పాడుకుంట పోయి పూలు తెస్తరు. పెద్దలను తలుచుకునుడు, పూలకు పోవుడు ఒక్క పండుగలనే ఉన్నయి. తెలంగాణలో అందరూ ఆడే బతుకమ్మ కూడా అంతే. తంగేడు, గునుగు తెచ్చి పేర్చి, ఆడి, నీళ్లలో వదులుతం. పేరులోనే "బతుకు" అని ఉంది. అంటే ప్రకృతిలో ఓదార్పు అనేది మనకు ఎవరో కొత్తగా నేర్పాల్సింది కాదు. మన పద్ధతిలో అది చూసే పని కాదు, చేసే పని. విత్తడం, నీళ్లు మోయడం, తెంపడం, పేర్చడం, వదలడం.

చదువుకున్నోళ్లకు రుజువు కావాలె కదా, ఆ రెండు మాటలు కూడా చెప్తం. 1984లో రోజర్ ఉల్రిక్ అనే ఆయన అమెరికాలో ఒక దవాఖాన రికార్డులు చూసి ఒక పరిశోధన అచ్చేసిండు. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మందిలో సగం మందికి కిటికీలోంచి చెట్లు కనబడతయి, సగం మందికి ఇటుక గోడ కనబడతది. చెట్లు కనబడినోళ్లు తొందరగా ఇంటికి పోయిన్రు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడిన్రు. దీన్ని చాలామంది చెప్పుకుంటరు. కానీ అది ఆపరేషన్ నొప్పి, తల్లి పోయిన నొప్పి కాదు. చెట్టు కనబడితే కడుపు కోత తగ్గుతదని ఆ పరిశోధన ఎక్కడా చెప్పలేదు.

మన సంగతికి దగ్గరగా ఉన్నది జపాన్‌లో జరిగింది. ఒత్సుచి అనే సముద్రపు ఊరిలో ఇతారు ససాకి అనే పెద్దమనిషి ఉన్నడు. 2010లో ఆయన దగ్గరి చుట్టం ఒకాయన క్యాన్సర్‌తోని పోతున్నప్పుడు, తన తోటలో ఒక తెల్లటి ఫోన్ డబ్బా పెట్టుకున్నడు. లోపల పాతకాలం ఫోన్, దానికి తీగ లేదు. పోయినాయనతోని ఆ ఫోన్‌లో మాట్లాడేటోడు, మాటలను గాలి తీసుకపోతదని. మరుసటి ఏడు 2011 మార్చి 11న సునామీ వచ్చింది. ఆ ఒక్క ఊర్లోనే వెయ్యి మందికి పైగా పోయిన్రు. అప్పుడు ఆ ఫోన్‌ను అందరికీ ఇచ్చిండు. దూరం దూరం నుంచి జనం వచ్చి, తోటలో నడిచి, డబ్బా తలుపు వేసుకొని పోయినోళ్లతోని మాట్లాడి పోయేటోళ్లు. దాన్ని గాలి ఫోన్ అంటరు. ఇది చదివినప్పుడు మా గదిలో ఒకరన్నరు, "ఇది మన ఢావ్లోనే కదా, వాళ్లు ఫోన్ పెట్టుకున్నరు, అంతే." నిజమే. అక్కడికి పోయినోళ్లు తోట చూడడానికి పోలేదు. నోరు తెరిచి మాట్లాడే జాగా కోసం పోయిన్రు. చుట్టూ తోట, గాలి ఉండబట్టి ఆ మాట సులువుగా వచ్చింది.

మన దగ్గరి పాత కావ్యం సంగతి కూడా ఒకటి చెప్పుకోవాలె. ఈ గోన వంశానికే చెందిన బుద్ధారెడ్డి రాసిండని చెప్పే రంగనాథ రామాయణం తెలుగులో ద్విపదలో వచ్చిన రామాయణం. ఏ రామాయణమైనా అరణ్యకాండలో ఒక ఘట్టం ఉంటది. సీత కనబడక రాముడు చెట్టు చెట్టునూ అడుగుకుంట తిరుగుతడు. చెట్లు జవాబు చెప్పవు. జవాబు చెప్పింది రెక్కలు తెగి పడి ఉన్న జటాయువు. ఆ పక్షి కండ్ల ముందర పోతే రాముడే దహనం చేసిండు, తండ్రికి చేసినట్టు చేసిండు. ఆ తర్వాతనే ముందుకు నడిచిండు. పక్కన లక్ష్మణుడు ఎప్పుడూ ఉన్నడు. మేం దీన్ని భక్తితోని చెప్తలేం, కథలో ఉన్న తెలివి చెప్తున్నం. అడివి రాముడిని అందంతోని ఓదార్చలేదు. ఇంకొక ప్రాణికి చేయాల్సిన పని ఇచ్చింది. తోడు మనిషి విడిచిపెట్టి పోలేదు.

ఇప్పుడు కష్టమైన మాట. ప్రకృతి మనల్ని చంపుతది కూడా. పట్నంలో కూసుండి రాసేటోళ్లు దీన్ని మర్చిపోతరు, మనం మర్చిపోలేం. మన ఇండ్లల్ల మనుషులు ఎట్ల పోతరు? చేనులో పాము కరిచి, చెట్టు కింద పిడుగు పడి, చెరువులో ఈతకు పోయి, బావిలో పూడిక తీస్తూ. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాము కాటుతో దాదాపు 12 లక్షల మంది పోయిన్రని పరిశోధకులు లెక్క కట్టిన్రు. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ మంది ఊర్లల్లోనే, ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. తండ్రిని పాము కరిచిన పిల్లవాడిని "చేన్ల తిరిగి రా, హాయిగా ఉంటది" అనొచ్చా? అన్న చెరువులో పోయిన పిల్లకు చెరువు కట్ట మీద కూసోమని చెప్పొచ్చా? వానలు పడక, బోర్లు ఎండి, అప్పై, పురుగుల మందు తాగిన మనిషి ఇంట్లో ఆ ఎండిన చేను ఓదార్పు ఇస్తదా? బొంబాయి, పూనా పనికి పోయి అక్కడ బిల్డింగ్ మీద నుంచి పడి పోయినోళ్లున్నరు. పాలమూరు లేబర్ అని పేరే పడింది మనకు. వాళ్లు పోయిన జాగా పిల్లలు ఎన్నడూ చూడలేదు.

కాబట్టి ఒకరి దుఃఖానికి ఇంకొకరు జాగా చూపించొద్దు. చెరువంటే భయపడే పిల్లను బలవంతంగా చెరువు కాడికి తీసుకపోవద్దు. వాళ్లకు ఏ జాగా మంచిగ అనిపిస్తదో వాళ్లే చెప్తరు. మా దాంట్లో ఒకరికి గుట్ట అస్సలు పడలేదు. హాస్టల్ వెనక వంట గిన్నెలు కడిగిన నీళ్లు పారే కాడ అరటి మొక్క పెట్టి, దానికే రోజూ కాలువ తీసేటోళ్లు. అదే వాళ్లకు పని చేసింది.

ఈ "పని" అనే దాన్ని ఇంకొంచెం చెప్తం. మనిషి పోయినాక అన్నిటికంటే కష్టం పొద్దున లేచి ఏం చేయాల్నో తెల్వకపోవడం. పుస్తకం తెరిస్తే అక్షరాలు కనబడతయి గానీ లోపలికి పోవు. అప్పుడు ఇంకొక ప్రాణం మన చేతిలో ఉంటే అది మనల్ని లేపుతది. తండాలో చావైన ఇంట్లో కూడా మేకలను విప్పక తప్పదు, బర్రెకు నీళ్లు పెట్టక తప్పదు. ఇది కష్టమని అంటరు గానీ, ఆ మేకలే చాలామంది ఆడోళ్లను మంచం మీద నుంచి లేపినయి. హాస్టల్‌లో మనకు మేకలు లేవు. మొక్కన్నా ఉండాలె.

మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రి చూసినోళ్లు చాలామంది ఉంటరు. ఏడు వందల ఏండ్ల చెట్టని చెప్తరు, నాలుగు ఎకరాల దాకా పరుచుకుంది. 2017 డిసెంబర్‌లో దాని పెద్ద కొమ్మ విరిగి పడింది. చెదలు, పురుగు లోపల తినేసినయి. జనాన్ని రానియ్యడం ఆపిన్రు. 2018లో సెలైన్ సీసాలకు మందు నింపి, మనిషికి ఎక్కించినట్టు చుక్క చుక్క ఎక్కించిన్రు. విరగబోయే కొమ్మలకు కింద దిమ్మెలు కట్టిన్రు. చెట్టు నిలబడింది. అంత పెద్ద చెట్టుకు కూడా ఒకప్పుడు మనుషుల సేవ అవసరం పడ్డది. మనకు చెట్టు సాయం, చెట్టుకు మన సాయం. ఈ రెండూ కలిసి ఉంటేనే ఓదార్పు. చెట్టును నరికేసి, గుట్టను పలగ్గొట్టి, ఆ తర్వాత ప్రకృతిలో మనశ్శాంతి వెతుక్కోమంటే ఎక్కడ వెతకాలె?

ఇక్కడే అసలు ప్రశ్న. ఆ జాగా ఎవరిది? మా పక్కన నాగర్‌కర్నూల్ జిల్లాలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది, 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే. మా హాస్టళ్లల్లో అక్కడి చెంచు పెంటల నుంచి వచ్చిన తమ్ముళ్లున్నరు. వాళ్ల పెద్దలను పూడ్చిన జాగలు ఆ అడివిలోనే ఉన్నయి. అడివి లోపల ఉన్నోళ్లు బయటికి వస్తే కుటుంబానికి 15 లక్షల రూపాయలో, లేకపోతే ఇల్లూ భూమో ఇచ్చే ప్యాకేజీ ఉంది. పోవాల్నా వద్దా అనేది ఆ కుటుంబాల ఇష్టం, దాని మీద మేం తీర్పు చెప్పం. ఒక్కటే అడుగుతం. ఆ ప్యాకేజీలో ఇంటికి లెక్క ఉంది, భూమికి లెక్క ఉంది. సమాధికి లెక్క ఉందా? పోయిన తల్లి కాడికి ఏడాదికి ఒకసారి పోయి దీపం పెట్టి వచ్చే హక్కు కాగితం మీద రాసిన్రా? 2019లో నల్లమలలో యురేనియం కోసం వెతుకుతరని తెలిసినప్పుడు అంత మంది లేచి నిలబడ్డరు. ఆ సెప్టెంబర్‌లో అసెంబ్లీ కూడా వద్దని తీర్మానం చేసింది. జనం అప్పుడు నీళ్ల గురించి, పులుల గురించి మాట్లాడిన్రు. మంచిదే. మన పెద్దల మట్టి అక్కడుందన్న మాట కూడా అంతే గట్టిగా చెప్పాలె.

శ్రీశైలం ప్రాజెక్టు కింద పాత మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా ఊర్లు మునిగినయి. 1981లో ఇండ్లను కూల్చి జనాన్ని లేపిన్రు. ఎండాకాలంలో నీళ్లు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడతది, జనం పడవల్లో పోయి మొక్కి వస్తరు. దేవుడికన్నా ఏడాదికి కొన్ని నెలలు దర్శనం ఉంది. ఆ ఊర్ల సమాధులు చాలా వరకు నీళ్ల కిందనే పోయినయి. ఆ ముసలోళ్లకు ఏ ప్రకృతిని చూపించి ఓదార్చాలె? వాళ్ల ముందర నీళ్లు నిండుగానే ఉన్నయి, చూడడానికి అందంగానే ఉన్నయి.

అందుకే మా అభిప్రాయం నాలుగు ముక్కల్లో చెప్తం. ఒప్పుకున్నోళ్లు తమ తమ హాస్టల్‌లో, తండాలో మాట్లాడండి.

ఒకటి. చావు దినాలకు సెలవు. మన తండాల్లో మూడో దినం ఉంటది, ఆ తర్వాత పెద్ద దినం పన్నెండో పదమూడో రోజు దాకా పోతది. అన్ని రోజులు ఇంట్లో ఉంటే హాజరు పడిపోతది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు, స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు కావాలె. దినం ఉండంగనే పిల్లలు బస్సెక్కి వస్తున్నరు, వేలిముద్ర కోసం. కన్నతల్లి, తండ్రి, పెంచినోళ్లు పోతే ఆ పదమూడు రోజులను హాజరు లెక్కలోంచే తీసెయ్యాలె. సర్పంచ్ కాగితమో, మరణ ధ్రువపత్రమో తెచ్చిస్తం. ఇది దయ కాదు, అడిగి తీసుకోవాల్సింది.

రెండు. ఆడపిల్లల హాస్టళ్లు. పొద్దుగూకంగనే గేటు మూస్తరు, బయటికి పోవాల్నంటే సంతకాలు. మేం పైన రాసిన గుట్ట, చెరువు మగపిల్లలకు దొరికినంత సులువుగా ఆడపిల్లలకు దొరకవు. భద్రత వద్దని మేం అనం. ప్రతి ఆడపిల్లల హాస్టల్‌లో నాలుగు చెట్లు, ఒక అరుగు, ఎవరూ వచ్చి "ఎందుకు కూసున్నవు" అని అడగని ఒక మూల కావాలె. హాస్టల్ అంటే గదులు, బాత్రూంలు, డైనింగ్ హాలు మాత్రమే కాదు కదా.

మూడు. చెట్టు పెట్టుడు. 2018లో మన తండాలు చాలా వరకు సొంత పంచాయతీలైనయి. 2019లో పల్లె ప్రగతి మొదలైనాక ఊరూరికీ ఒక వైకుంఠధామం, ఒక పల్లె ప్రకృతి వనం అన్నరు. ఈ రెండిటినీ రెండు మూలల్లో పెట్టిన్రు. ఒక దాంట్లో సిమెంటు దిమ్మె, ఇంకో దాంట్లో ముండ్ల తీగ. మనిషి పోయిన ప్రతి ఇల్లు, వైకుంఠధామం చుట్టూనో పెద్దలను పెట్టిన జాగాలనో ఒక మొక్క పెట్టాలె. కానుగ అయితే మంచిది, సీతాఫలం అయితే మంచిది, వాటి ఆకును మేకలు పెద్దగా ముట్టవు. మృగశిర వానలు పడంగనే పెట్టి, చుట్టూ తుమ్మ కంప కట్టి, రెండు ఎండాకాలాలు నీళ్లు పోస్తే ఆ తర్వాత దానంతటది బతుకుతది. ఆ రెండేండ్ల నీళ్లే ఇక్కడ మందు. సెలవుకు ఇంటికి పోయిన పిల్లకు పోంగనే చేయడానికి ఒక పని ఉంటది. నాలుగో ఏడు కాయ కాస్తే పంచిపెట్టొచ్చు. పంచాయతీకి దీనికి పెద్ద ఖర్చు లేదు, ఒక తీర్మానం చాలు. చెట్టు ఉన్న జాగాను రేపు ఎవరన్న కబ్జా చేయాల్నన్నా కొంచెం ఆలోచిస్తరు.

నాలుగు. ఒక్కలను పంపకుండ్రి. దుఃఖంలో ఉన్నోళ్లు గుట్ట మీదికి పోతమంటే తోడు పోండి. మాట్లాడాల్సిన పని లేదు, పది అడుగుల దూరంలో కూసుంటే చాలు. వానాకాలం బండలు పాచి పట్టి జారుతయి, చీకటి పడక ముందే దిగాలె. ఇంకో మాట కూడా దాపరికం లేకుండ చెప్తం. కొందరు "నేను కూడా వాళ్ల కాడికే పోత" అంటరు. అన్నం మానేస్తరు, నెలలు గడిచినా ఎవరితోని మాట్లాడరు. అప్పుడు గుట్ట, చెట్టు అని కూసోవద్దు. ఇంటోళ్లకు, నమ్మకమున్న సార్‌కో మేడమ్‌కో చెప్పాలె. 14416 టెలిమానస్ నంబర్, 2022 అక్టోబర్ నుంచి ఉంది. పైసలు లేవు, రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడొచ్చు. ఫోన్ చేసి ఏడ్చినా తప్పు లేదు. జపాన్ ఆయన ఫోన్‌లో అవతల ఎవరూ లేరు, ఈ ఫోన్‌లో అవతల మనిషి ఉంటది.

ఇదంతా విని కొందరు అనొచ్చు, చదువుకోడానికి వచ్చిన్రు, చదువుకోకుండ ఈ ఏడుపులేంది అని. మా ఇండ్లల్ల మొదటిసారి కాలేజీకి వచ్చినోళ్లం మేం. మమ్మల్ని పంపినోళ్లే పోయిన్రు. వాళ్ల కోసం ఏడ్వనియ్యకపోతే చదువు కూడా లోపలికి పోదు. ఏడ్చినోళ్లు చదవరని ఎవరన్నరు? పెద్ద దినం దాకా ఇంట్లో ఉండి, మొక్క పెట్టి వచ్చి, సెమిస్టర్ రాసి పాసైనోళ్లు మాలోనే ఉన్నరు.

గణపసముద్రం తవ్విందెవరో చూడండి. పేరు గణపరెడ్డిది ఉంది. తట్టలు మోసినోళ్ల పేర్లు ఎక్కడా లేవు. వాళ్ల ఇండ్లల్ల కూడా చావులైనయి, వాళ్లు కూడా ఏడ్చిన్రు, తెల్లారి మళ్లీ తట్ట ఎత్తిన్రు. ఏడు వందల ఏండ్ల తర్వాత కూడా ఆ కట్ట కింద వరి పండుతున్నది. మన తల్లులు, తండ్రులు మోసిన తట్టలకు కూడా పేర్లు ఉండవు. కనీసం ఒక చెట్టన్నా ఉండాలె.

ఈ వానాకాలం మీ మీ తండాలో ఎవరి పేరు మీద ఏ మొక్క పెడ్తరో ఇప్పుడే అనుకోండి. గుంత మాత్రం మృగశిర కంటే ముందే తవ్వి పెట్టుకోండి, వాన పడ్డంక తవ్వుదామంటే ఆ సంవత్సరం పోయినట్టే.

జై సేవాలాల్.